డొల్ల సొరకాయలు

అనగా అనగా ఒక కోట. ఆ కోటను కట్టించిన రాజెవరో, ఎవరితో ఏ యుద్ధం చేశాడో ఈ కథకు అక్కర్లేదు. కోటగోడ కింద, కందకం గట్టున కొన్ని మళ్ళు ఉండేవి. మనకు కావలసినవి అవే.

వెనకటి రాణి ఒకావిడ ఆ నేలను ఇంటికొక మడి చొప్పున ఊరివాళ్ళకు పంచిపెట్టింది. "మీ కూర మీరే పండించుకోండి, మీ పండు మీరే కోసుకోండి" అంది. శిస్తు లేదు, కౌలు లేదు. గుర్రాలు తోమేవాడికైనా, గుడిలో పూజ చేసేవాడికైనా ఒకటే కొలత. ఒకరు వంగ వేశారు, ఒకరు బెండ వేశారు. మడి మూలన జామచెట్టు, గట్టు మీద గోంగూర, పందిరి మీద బీర, సొర. సాయంకాలమయ్యేసరికి ఊరి ఆడవాళ్ళంతా ఒడిలో కూర వేసుకుని, ఒకరి కాయను ఒకరు ఎగతాళి చేసుకుంటూ ఇళ్ళకు వెళ్ళేవారు.

ఆ మళ్ళకు ఒక కట్టడి ఉండేది. ప్రతి పాదుకూ మొదట నిలిచిన కాయను కోయకూడదు. దానికి పసుపు గుడ్డ ముడివేసి, తీగ మీదే ముదిరి ఎండేదాకా వదిలెయ్యాలి. అది విత్తనపు కాయ. పెంచినవాళ్ళు కూడా దాన్ని ముట్టకూడదు. తొలకరి పడ్డ మర్నాడు అందరూ మళ్ళ దగ్గర చేరి, ఎవరి విత్తనపు కాయలు వాళ్ళు పగలగొట్టి, గింజలన్నీ ఒకే చేటలో పోసి దోసెడేసి పంచుకునేవారు. ఒకరి కాయ పుచ్చిపోయినా పక్కవాళ్ళ గింజలు ఆదుకునేవి. ఏ మడీ ఖాళీగా ఉండేది కాదు.

మంచి ఆనవాయితీయే. ఆ మంచి ఆనవాయితీ మీద ఆనుకునే ఊరు కూలిపోయింది. ఎలాగో వినండి.

ఆ మళ్ళలో ఒకటి గంగసానిది. ఆమె భర్త మైలయ్య. ఇంట్లో అత్త ఎల్లవ్వ, కూతురు నీలి. నీలికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. సొరపూవు చూసి "అమ్మా, తెల్లది" అనేది. అంతకన్నా పెద్ద మాట దానికి రాదు.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. బెండ ఎండింది, వంగ మాడింది, జామచెట్లు ఆకు రాల్చి కట్టెపుల్లల్లా నిలబడ్డాయి. మరుసటి ఏడూ చినుకు లేదు. మళ్ళ నడుమనున్న బావి అడుగంటింది. దాన్ని లోతు చేద్దామని మైలయ్య దిగాడు. మట్టిపెళ్ళ విరిగి మీద పడింది. తీసేసరికి ప్రాణం లేదు. ఆ మర్నాడే ఆ మట్టి కింద నాలుగు చేదల నీళ్ళు ఊరాయి. ఊరివాళ్ళు ఆ నీళ్ళు తాగారు. గంగసాని కూడా తాగింది, తాగక ఏం చేస్తుంది?

పోగలిగినవాళ్ళు ఊరొదిలి పోయారు. మిగిలినవాళ్ళు చింతగింజలు ఉడకబెట్టుకున్నారు, నాగజెముడు పండ్లు ముళ్ళు దులిపి తిన్నారు. మళ్ళలో సొరపాదులు మాత్రం బతికాయి. పాదు మొదట్లో చిల్లికుండ పాతి, చిల్లిలో గుడ్డ వత్తి పెట్టి, ముఖం కడిగిన నీళ్ళు కూడా పారబోయకుండా అందులో పోసేవారు. ఆ తేమతో తీగలు ఈడ్చుకొచ్చాయి. కాసిన పిందెలన్నీ తిన్నారు, లేత ఆకులూ తిన్నారు. చివరికి ఒక్కొక్క పందిరికి ఒక్కొక్క కాయ మిగిలింది. పసుపు గుడ్డ కట్టిన కాయ.

ఆ మళ్ళకు పెద్ద కాచప్ప. పెళ్ళాం ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. కట్టడి తప్పినవాళ్ళ మడి లాగేసుకునే అధికారం ఆయనది. రోజూ పొద్దున్నే చేతికర్ర తాటించుకుంటూ మళ్ళ నడుమ తిరిగి, ఏ పందిరికి గుడ్డ ఉందో, ఏ పందిరికి లేదో చూసేవాడు. ఆయన మడి దారి మొదట్లోనే ఉంది. ఆయన సొరకాయ దారికెదురుగా, అందరికీ కనబడేలా వేలాడేది.

"చూడండి నా కాయ! నాకు ఆకలి లేదా? నా కడుపు రాయా? కట్టడి అంటే కట్టడే" అనేవాడు.

గంగసానికి ఆయనంటే భయమూ ఉండేది, గౌరవమూ ఉండేది.

మొదటిసారి తన ఆకలికే ఆమె కొడవలి పట్టుకుని పందిరి కిందికి వెళ్ళింది. కళ్ళు తిరుగుతున్నాయి. ఎవరూ లేరు. తొడిమ మీద కొడవలి ఆనించింది. అప్పుడు దారి మొదట్లో కాచప్ప కాయ కనబడింది, పసుపు గుడ్డతో నిబ్బరంగా వేలాడుతూ. 'అంత ముసలాయన ఆగాడు, నేను ఆగలేనా' అనుకుంది. సిగ్గుపడి, కొడవలి నడుముకు దోపుకుని ఇంటికి వచ్చింది.

రెండోసారి అత్త కోసం వెళ్ళబోయింది. ఎల్లవ్వ మంచం దిగలేకపోతోంది. చింతగింజల అంబలి ఆమె కడుపులో నిలవడం లేదు.

"అత్తా, ఆ కాయ కోసుకొస్తాను. మెత్తగా ఉడికించి పెడతాను" అంది గంగసాని.

"నాకొద్దు పో" అంది ఎల్లవ్వ. "రేపో మాపో పోయే నోరిది. దీనికి పెట్టి మడి పోగొట్టుకుంటావా? నా కొడుకు ఆ బావిలో పోయింది ఆ మడి కోసమే."

గంగసాని ఆ మాట పట్టుకుని ఆగింది. పట్టుకోవడానికి ఒక మాట దొరికిందని లోపల ఎక్కడో ఊపిరి కూడా పీల్చుకుంది. వారం తిరక్కుండా ఎల్లవ్వ పోయింది. పాడె మోయడానికి వచ్చినవాళ్ళు దారిలో మాటిమాటికీ దించుకుంటూ వెళ్ళారు, పాడెలో బరువేమీ లేకపోయినా. 'అడక్కుండా కోసి పెట్టి ఉంటే బతికేదేమో' అన్న ముల్లు గంగసాని గుండెలో దిగింది. అది మళ్ళీ బయటికి రాలేదు.

మూడోసారి నీలి వంతు వచ్చింది. పిల్ల ఏడవడం మానేసింది. ఏడ్చే పిల్లకంటే ఏడుపు మానేసిన పిల్లను చూస్తేనే తల్లికి భయం. గంగసాని పిల్లను భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరింట్లోనూ ఏమీ లేదు. చివరికి కాచప్ప గుమ్మం ముందు నిలబడింది.

"పెద్దయ్యా, నా కాయ కోసుకోనివ్వండి. పిల్ల దక్కదు."

కాచప్ప నేల చూస్తూ అన్నాడు: "పిల్ల పోతే మళ్ళీ కంటావు. విత్తనం పోతే ఎక్కడ కంటావు?"

మొగుడు పోయిన మనిషితో ఆ మాట అన్నాడు. గంగసాని తిన్నగా మళ్ళకు వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం ఊరంతా సొమ్మసిల్లి పడుకునే వేళ అది. ఆ వేళలో కోసుకుని ఉంటే చూసేవాళ్ళు లేరు. కానీ ఆమె బావిగట్టు మీది రేకు తీసుకుని టంగుటంగున మోగించింది. జనం ఏమైందోనని లేచి వచ్చారు. కాచప్పా వచ్చాడు.

ఆమె కాయకున్న పసుపు గుడ్డ విప్పి పైకెత్తి చూపించింది.

"అందరూ చూడండి. నా విత్తనపు కాయ కోస్తున్నాను. నా పిల్లకు పెడతాను. పంపకాలనాడు నా దగ్గర గింజ ఉండదు. నన్ను నమ్ముకోకండి. మీ కాయలు మీరు జాగ్రత్తగా కాచుకోండి."

కోసింది. అందరూ ఒక్కసారిగా మీద పడ్డారు. "ఊరి నోట్లో మన్ను కొట్టావు కదే!" అంది ఒకామె. "మాకు లేరా పిల్లలు?" అంది ఇంకొకామె. నేతపని చేసే సూరన ఆమె సొరపాదును మొదలంటా పీకి కందకంలోకి విసిరాడు. ఆ రోజు గొంతు చించుకున్నవాళ్ళను గుర్తుపెట్టుకోండి పిల్లలూ, వాళ్ళతో పని ఉంది.

కాచప్ప తీర్పు చెప్పాడు. మడి పోయింది, బావిలో చేద వేసే హక్కు పోయింది, కోట లోపల ఉండే హక్కూ పోయింది.

గంగసాని కందకం అవతల, కూలిపోయిన గుర్రాల సాలలో చేరింది. ఆ కాయలో గింజలు ఇంకా పాలు పట్టే ఉన్నాయి, విత్తనానికి పనికిరావు. కందకం అడుగున గోకితే ఊరిన గుక్కెడు నీళ్ళతో, ఉప్పయినా లేకుండా ఉడికించి, వేలితో మెదిపి, కొంచెం కొంచెంగా పిల్ల నోట్లో పెట్టింది. తాను తొక్కులు నమిలింది. అలా పొదుపుగా నెట్టుకొచ్చాక ఒక పొద్దున నీలి ఏడ్చింది. కడుపులోంచి, గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని గంగసాని కూడా ఏడ్చింది, సంతోషంతో.

ఆరుద్ర కార్తెలో వాన పడింది. ఎలాంటి వాన! కందకం నిండింది, బావి పైకి పొంగింది. జనం ముఖాలు ఆకాశానికెత్తి నోళ్ళు తెరిచి నిలబడ్డారు. మర్నాడే పంపకాలు. చేట కడిగి పసుపు రాసి బావిగట్టు మీద పెట్టారు. మళ్ళలో మట్టి నల్లగా, మెత్తగా, అడిగినవాళ్ళకు అడిగినంత ఇస్తానన్నట్టు పడి ఉంది. గంగసాని కందకం అవతలినుంచే చూస్తోంది.

మొదట సూరన తన కాయ తెచ్చాడు. రాయి మీద కొట్టాడు. పెంకు పగిలింది. లోపల ఏమీ లేదు. కాయ వెనక వైపు, పందిరి మీదికి ఆనివుండే చోట, గుండ్రంగా ఒక కన్నం ఉంది.

జనం సూరనను చూశారు. తిట్టబోయి ఎవరూ తిట్టలేదు. పక్కామె తన కాయ పగలగొట్టింది. డొల్ల. ఆ పక్కాయనది, డొల్ల. ఆ పైన ఎవరి కాయ కొట్టినా అదే చప్పుడు, ఖాళీ కుండ పగిలినట్టు.

జరిగింది ఇదీ. ఆకలి ఆగక ఒక్కొక్కరూ మిట్టమధ్యాహ్నం చాటుగా వచ్చి, కాయకు వెనకనుంచి కన్నం చేసి, లోపలి గుజ్జంతా గోకి తినేశారు. పెంకును, పసుపు గుడ్డను అలాగే ఉంచారు. పక్క పందిళ్ళ మీద గుడ్డలు కనబడుతూనే ఉన్నాయి కదా! 'నేనొక్కణ్ణే తిన్నాను, మిగతావాళ్ళు కాచారు, పంపకాలనాడు నాకూ దోసెడు రాకపోదు' అనుకున్నారు. అందరూ అదే అనుకున్నారు.

చివరికి కాచప్ప కాయ మిగిలింది. అందరి కళ్ళూ దాని మీదే. ఆయన కదల్లేదు. సూరనే వెళ్ళి ఆ కాయ కోసి బండకేసి కొట్టాడు. లోపలినుంచి కందిరీగలు లేచాయి. పెంకు నిండా వాటి గూడు. అంత గూడు కట్టాలంటే ఆ కాయ ఎన్నాళ్ళనుంచి డొల్లగా ఉండాలి? అందరికంటే ముందు తిన్నది ఆయనే. ఆయన కాయను చూసి నిబ్బరం తెచ్చుకునే తక్కినవాళ్ళు తిన్నారు.

"ఎలుకలు" అన్నాడు కాచప్ప.

ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎలా చెబుతారు? "అవును, ఎలుకలే" అన్నారు అందరూ. కత్తి పట్టి గుండ్రంగా కోసే ఎలుకలు ఆ ఊళ్ళోనే పుట్టాయి కాబోలు!

వాన కురుస్తూనే ఉంది. మళ్ళలో గడ్డి మొలిచింది, గలిజేరు మొలిచింది, పిచ్చి తోటకూర మొలిచింది. తినే ఆకేదో తినని ఆకేదో చూడకుండా తిని కొందరు వాంతులతో పోయారు. ఎటు చూసినా పచ్చగా ఉంది, ఆ పచ్చదనం నడుమ జనం చచ్చిపోతున్నారు. ఎండలో చచ్చినవాళ్ళ కంటే వానలో చచ్చినవాళ్ళే ఎక్కువని తర్వాత చెప్పుకున్నారు.

ఆ చుట్టుపక్కల విత్తనం మిగిలిన చోటు ఒక్కటే, గువ్వలగుట్ట. అక్కడ ఒక ముసలమ్మ గింజల్ని బూడిదలో కలిపి, కుండల్లో పోసి, మూతికి పేడ మెత్తి దాచేది. ఆమె విత్తనం అమ్మదు, అప్పివ్వదు. ఊరికే ఇస్తుంది. కానీ ఇచ్చే ముందు ఒక మాట అడుగుతుంది. అది ఆ గుట్ట ఆనవాయితీ.

మొదట కాచప్ప గోనెసంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు. ముసలమ్మ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది, జొన్న అంబలి పోసింది. ఆ పైన అడిగింది: "మీ విత్తనం ఎటు పోయింది నాయనా?"

"ఎలుకలు తినేశాయమ్మా."

"అట్లాగా పాపం. అయితే ఎలుకల బెడద తీరాక రా" అంది ముసలమ్మ.

ఖాళీ సంచీతో వచ్చాడు. తర్వాత సూరన వెళ్ళాడు. అంబలి తాగాడు. ముసలమ్మ అడిగింది. ఎలుకల మాట పారలేదని విన్నాడు కదా, సూరన తెలివిగా "దొంగలు పడ్డారమ్మా" అన్నాడు.

"అట్లాగా పాపం. దొంగను పట్టుకున్నాక రా నాయనా."

సూరన కూడా ఖాళీ చేతులతో వచ్చాడు. ఇక ఆ ఊరినుంచి వెళ్ళేవాళ్ళు లేరు. వెళ్ళడానికి కాళ్ళలో బలం కూడా లేదు.

గంగసాని నీలిని చంకనెత్తుకుని బయలుదేరింది. ఆమెకు మడి లేదు. అయినా కందకం అవతల నేల ఉంది, పైన వాన ఉంది. పిల్ల మళ్ళీ చిక్కిపోతోంది. దారిలో ఎక్కిన ప్రతి గుట్ట దగ్గరా, ఏం చెబితే ముసలమ్మ ఇస్తుందా అని ఆలోచించింది. ఎలుకలు, దొంగలు కాకపోతే కోతులున్నాయి, పిడుగు ఉంది. కానీ అబద్ధం అల్లడానికి కూడా కాస్త ఓపిక కావాలి, అది ఆమెకు లేదు.

ముసలమ్మ అంబలి పోసింది. గంగసాని ముందు పిల్లకు తాగించింది.

"మీ విత్తనం ఎటు పోయింది తల్లీ?"

"నేనే తిన్నాను. నేనూ, నా బిడ్డా తిన్నాం."

ముసలమ్మ "రుచిగా ఉందా?" అంది.

"చప్పగా ఉంది. ఉప్పు కూడా లేదు. మా అత్తకు కోసి పెడతానని అడిగాను. ఆమె వద్దంది. నేను అడక్కుండా పెట్టలేదు" అంది గంగసాని. ఆ మాటతో పాటు ఇన్నాళ్ళ దుఃఖమూ బయటికి వచ్చేసింది. అంబలి గిన్నె ముందు తల వంచుకుని చాలాసేపు ఏడ్చింది.

ముసలమ్మ లేచి కుండ మూతి పగలగొట్టింది. బూడిదలోంచి సొర, బీర, బెండ గింజలు ఏరి, కొత్తకుండ నిండా పోసింది.

"ఎలుకలకు విత్తనమిస్తే ఎలుకలే తింటాయి. దొంగలకిస్తే దొంగలే తింటారు. నీ విత్తనాన్ని ఎవరు తినగలరో నీకు తెలుసు. కాపలా ఎవరి మీద పెట్టాలో తెలిసినవాళ్ళకే మేమిస్తాం" అంది. "ఊళ్ళో అందరికీ పంచు. కానీ నేనడిగిన మాట అడిగే ఇవ్వు. అడక్కుండా ఇస్తే ఈ గింజలు మీ ఊళ్ళో నిలవవు."

గంగసాని కోట గుమ్మం దగ్గర కుండ దించింది. మడి లేని మనిషి ముందు మళ్ళున్న ఊరంతా నిలబడింది. వెలివేసినవాళ్ళను తను ఇప్పుడు వెలివేయవచ్చు. ఆ ఆలోచన ఆమెకు రాకపోలేదు. వచ్చింది. వాళ్ళ చేతుల్లోని పిల్లల్ని చూసి పోయింది.

"సూరనా, మీ విత్తనం ఎటు పోయింది?" అంది.

సూరన చెంపలు వాయించుకుంటూ అన్నాడు: "నేనే తిన్నానమ్మా. తిని, నీ పాదు పీకాను."

ఆమె దోసెడు పోసింది. తర్వాత ఒకామె చెవిలో చెప్పబోయింది. "గట్టిగా చెప్పక్కా, అందరం ఒకటే" అంది గంగసాని. ఆమె గట్టిగా చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. కొందరు ఏడ్చారు, కొందరు చెప్పేశాక చాలాకాలానికి నవ్వారు కూడా.

కాచప్ప అందరి వెనకా నిలబడ్డాడు.

"పెద్దయ్యా, మీ వంతు. మీ విత్తనం ఎటు పోయింది?"

"చెప్పాను కదా, ఎలుకలు."

"ఇంకోసారి అడుగుతున్నాను పెద్దయ్యా."

"నాకు తెలియదు. వయసు మళ్ళినవాణ్ణి, నన్నెందుకు వేధిస్తావు?"

"పెద్దయ్యా, ఒక్క మాట చాలు. మీకు తీసి ఉంచాను" అంటూ ఆమె కొంగున ముడివేసిన గింజలు చూపించింది. ఆమె గొంతులో పగ లేదు. ఆయన కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయాడు.

విత్తుకునే అదను దాటేదాకా ఆమె ఆ ముడి విప్పలేదు. పొద్దున్నే ఆయన గుమ్మం ముందునుంచి వెళ్ళేది, నిలబడేది, చూసేది. ఆయన తలుపు తీసేవాడు కాదు.

పందిళ్ళు పాకాయి, కాయలు దిగాయి. ఊరివాళ్ళు గంగసాని మడి ఆమెకిచ్చి, సూరన చేతనే పందిరి వేయించారు. కాచప్ప మడి ఒక్కటే బోడిగా ఉండిపోయింది. జనం కూర వండి గిన్నెలు తెచ్చి ఆయన గుమ్మంలో పెట్టారు. తీసుకుంటే ఒప్పుకున్నట్టవుతుందని ఆయన ముట్టలేదు. చలికాలం మధ్యలో ఒకనాడు తలుపు తోసి చూశారు. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు. ఆ రోజు ఆయన మడికి ఈ పక్కా ఆ పక్కా సొరకాయలు చేతికందేంత కిందికి వేలాడుతున్నాయి.

కాబట్టి పిల్లలూ, ఆకలికి విత్తనం తిన్నవాళ్ళు ఆ మాట ఒప్పుకుంటే మళ్ళీ విత్తుకోగలరు గానీ, తిననట్టు నటించినవాళ్ళు పక్కవాడి చేనూ పాడుచేస్తారు, తమ చేలోనూ ఏమీ మొలవనివ్వరు.